మా అత్త దొడ్డి

సీతాఫలం చెట్టును కొట్టేయడానికి మనిషిని పిలిపించింది నేనే. 2020 మార్చి మొదటివారం. కడపలో ఎండ అప్పటికే చుర్రుమంటోంది. చెట్టుకు ఒక్క ఆకు లేదు. కొమ్మల చివర పోయినేడాది కాయలు రెండు నల్లగా, రాళ్లలా ఎండిపోయి వేలాడుతున్నాయి. చచ్చిన చెట్టు ఎందుకు, ఆ జాగాలో రెండు గులాబీలు పెట్టుకుందాం అనుకున్నాను. గొడ్డలి భుజాన వేసుకొచ్చిన ముసలాయన చెట్టు చుట్టూ ఒకసారి తిరిగాడు. ఏమీ మాట్లాడకుండా బొటనవేలి గోరుతో ఒక కొమ్మ మీద గీకాడు. బూడిదరంగు తొక్క లేచి, దాని కింద గోరంత మేర పచ్చగా, తడిగా కనపడింది.

"బతికిండే చెట్టును కొట్టమంటావేమ్మా? నిద్దరపోతాండాది. నాలుగు చినుకులు పడనీ" అన్నాడు. టీ తాగాడు. కూలి డబ్బులు ఇవ్వబోతే, చేయని పనికి కూలేందన్నాడు. గొడ్డలి ఎట్లా తెచ్చాడో అట్లాగే భుజాన వేసుకొని వెళ్లిపోయాడు. నాకైతే తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ జనవరిలో, సంక్రాంతి వెళ్లిన వారానికి మా మేనత్త పోయింది. నాన్నకు అక్క. పిల్లల్లేరు. మామ పోయి పాతికేళ్లు. కడపలో పారే బుగ్గవంక వాగుకు దగ్గర్లో ఉన్న తన ఇల్లు నా పేర రాసింది. ఇల్లంటే ఏముంది, నాలుగు గదులు. ఊడ్చి, సున్నం కొట్టిస్తే అయిపోతుంది. అసలు ఆస్తి వెనక ఉండే దొడ్డి. (దొడ్డి అంటే మా పక్క పెరడు. కోస్తా వాళ్లు వేరే అర్థం తీసుకొని నవ్వకండి. హైదరాబాద్‌లో మా పక్క ఫ్లాటావిడకు "మా అత్త నాకు దొడ్డి ఇచ్చింది" అని చెప్పి ఒకసారి నవ్వులపాలయ్యాను.)

పాతికేళ్లుగా మూడో అంతస్తు ఫ్లాటులో తులసి కుండీ ఒకటి, మనీప్లాంటు సీసా ఒకటి పెట్టుకొని బతికినదాన్ని. కర్మలకు వచ్చి, కాగితాల పని చూసుకొని పోదామనుకుంటే ఒకటికొకటి తోడై నెల దాటింది. ఈలోపు కరోనా వచ్చింది. ఆఫీసు వాళ్లు ఎక్కడున్నవాళ్లు అక్కడి నుంచే పని చేయమన్నారు. అట్లా నేను, ల్యాప్‌టాప్, ఆ దొడ్డి మిగిలాం.

మొదటి చిక్కు పేర్లతో వచ్చింది. అత్త చెట్లను చెట్ల పేర్లతో పిలిచేది కాదు. ఎవరిచ్చారో వాళ్ల పేరుతో పిలిచేది. సెలవులకు వచ్చినప్పుడు "మ్మేయ్ కోడలా, కోడూరు చెట్టుకు రెండు చెంబులు పోసిరాపో" అంటే నేను చెంబు పట్టుకొని దొడ్డి మధ్యలో నిలబడిపోయేదాన్ని. కోడూరు చెట్టంటే రైల్వే కోడూరు నుంచి తెచ్చిన నిమ్మ. రైలాయమ్మ చెట్టంటే మల్లె. ఒకప్పుడు పక్కింట్లో అద్దెకున్న రైల్వే ఆయన భార్య బదిలీ మీద పోతూ అంటు ఇచ్చి పోయిందట. కంసలాయన చెట్టు ఏదో నాకు ఇప్పటికీ తెలియదు. ఉందో పోయిందో కూడా తెలియదు.

సరే, ఫోనుంది కదా అని కెమెరా పెట్టి ఒక్కొక్క ఆకునూ చూపించడం మొదలుపెట్టాను. అది టకటకా లాటిన్ పేర్లు చెప్పేది. రాత్రుళ్లు ఆ పేర్లు పట్టుకొని బ్రౌన్ నిఘంటువు వెతుక్కునేదాన్ని. అదీ ఫోనులోనే. 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చిన బ్రౌన్ దొర ఇక్కడే బంగళా కొని, పండితులను పెట్టుకొని తెలుగు పుస్తకాల పని చేయించాడు. ఆ బంగళా ఉండిన చోటే, ఎర్రముక్కపల్లెలో, ఆయన పేరు మీద గ్రంథాలయం ఉంది. మా ఇంటి నుంచి ఆటోలో పోయేంత దూరం. కానీ లాక్‌డౌన్‌లో పోయేదెట్లా? ఆయన నిఘంటువులో చాలా మొక్కలకు తెలుగు పేరు పక్కన లాటిన్ పేరు ఉంటుంది. ఫోను చెప్పింది, బ్రౌన్ చెప్పింది ఒకటే అయితే పరీక్ష పాసైనంత సంతోషం. ఇద్దరూ బాగానే చెప్పారు గానీ, నీళ్లు ఎప్పుడు పోయాలో, ఎప్పుడు ఆపాలో ఇద్దరూ చెప్పలేదు.

మల్లె దగ్గర తెలిసొచ్చింది ఆ సంగతి. మూడు గుబుర్లు, గుండుమల్లె. జనవరి నెలాఖరు నుంచి పొద్దునా సాయంత్రం బకెట్లతో పోశాను. పేడ ఎరువు వేశాను. గుబుర్లు ఎంత పచ్చగా, ఎంత దట్టంగా అయ్యాయంటే, ఫొటోలు తీసి అన్నావాళ్లకు పంపించాను కూడా. "అత్త చేయి నీకొచ్చిందే" అని మా వదిన మెచ్చుకుంది. మార్చి సగమైనా మొగ్గ మాత్రం లేదు.

అత్త మల్లెపూలకు ఒక లెక్క ఉండేది. ఉగాదినాడు మొదటి పెద్ద కోత పక్కింటి బూబమ్మది. కడపలో ఉన్నవాళ్లకు చెప్పాల్సిన పని లేదు. ఉగాదికి దేవుని కడప గుడికి ముస్లింలు పోతారు. వెంకటేశ్వరస్వామి బీబీ నాంచారమ్మను చేసుకున్నాడు కాబట్టి ఆయన వాళ్లింటి అల్లుడు. కొత్త సంవత్సరం నాడు అల్లుడిని చూడ్డానికి పోతారు. బూబమ్మ మూరెడు కాదు, బారెడు దండ తీసుకుపోయేది, అత్త దొడ్డి మల్లెలతో. మా రెండిళ్ల మధ్య గోడంటూ లేదు. కడప బండలే ఛాతీ ఎత్తున వరసగా నిలబెట్టి ఉంటాయి. దండ ఆ బండల మీదుగా అటు పోయేది, రంజాన్‌కు సేమ్యా గిన్నె ఇటు వచ్చేది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అంతే.

ఆ ఏడు ఉగాది మార్చి 25. సరిగ్గా దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజు. గుళ్లో దర్శనాలు అప్పటికే ఆపేశారు. పొద్దున్నే లేచి మల్లె గుబుర్లన్నీ వంగి వంగి వెతికాను. పదకొండు మొగ్గలు. చిన్న స్టీలు గిన్నెలో వేసి బండల మీదుగా ఇచ్చాను.

బూబమ్మ గిన్నెలోకి చూసింది, నన్ను చూసింది. "గుడి లేదుగా ఈసారి. ఇవి చాల్లే" అంది. నన్ను ఓదార్చడానికి అందో, దేవుడిని ఓదార్చడానికి అందో. కాసేపాగి, "నీళ్లు ఆపలేదా నువ్వు?" అంది.

ఆపాలని నాకెవరు చెప్పారు? అత్త చెప్పి ఉంటుందేమో, పదేళ్ల పిల్లనప్పుడు విన్నానో లేదో.

సమాధానం వంటింటి తలుపు వెనక దొరికింది. అక్కడ ఒకే మేకుకు తొమ్మిదేళ్ల క్యాలెండర్లు ఒకదాని మీద ఒకటి. అత్త పాత క్యాలెండరు తీసేది కాదు, కొత్తది దాని మీదే తగిలించేది. పాల లెక్కలు చూసుకోవడానికని మేం అనుకునేవాళ్లం. ఏప్రిల్‌లో ఒకరోజు మీటింగు మధ్యలో కెమెరా ఆపి, టీ పెట్టుకుంటూ ఊరికే పేజీలు తిప్పాను. "పాలు లేవు." "గ్యాసు వచ్చె." "బీపీ మాత్రలు." వాటి మధ్యలో, 2018 డిసెంబరు గడిలో పెన్సిలుతో, "మల్లెకు నీళ్లు నిలిపితి." జనవరిలో, "ఆకు దూసితి. కొసలు కత్తిరించితి." ఫిబ్రవరిలో, "నీళ్లు. పేడ." మార్చిలో ఒక్క మాట, "మొగ్గ."

2017 తీస్తే అదే. 2016 తీస్తే అదే, నాలుగు రోజులు అటూ ఇటూ.

తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. మల్లె మొగ్గ తొడిగేది కొత్త చిగురు కొసల్లో. పాత కొమ్మను చలికాలంలో ఎండగట్టి, ఆకు దూసి, కొసలు కోసేస్తే, మళ్లీ నీళ్లు తగలగానే ఒక్కసారిగా చిగుర్లు కొడుతుంది. ప్రతి చిగురుకూ మొగ్గలు. నేనేమో మేపీ మేపీ ఆకును పెంచాను. 2019 డిసెంబరు గడులు ఖాళీ. అప్పటికి అత్త మంచం మీద ఉంది. ఆ పేజీ ముందు గ్యాసు పొయ్యి ఆపి చాలాసేపు నిలబడ్డాను. టీ మరిగి గిన్నె మాడింది. మీటింగులో నా పేరు రెండుసార్లు పిలిచారట.

ఆ రోజు నుంచి క్యాలెండర్లు నాకు పంచాంగమైపోయాయి. కరివేపాకుకు పుల్లమజ్జిగ ఎప్పుడు పోసింది, మునగ కొమ్మ ఎప్పుడు నరికింది, మరువం ఎప్పుడు మార్చి నాటింది, అన్నీ ఉన్నాయి. సీతాఫలం గురించి మాత్రం తొమ్మిదేళ్లలో ఎక్కడా ఒక్క ముక్క లేదు. దానికి ఆమె ఏమీ చేసేది కాదన్నమాట. మే చివర్లో ఒక సాయంత్రం గాలీవానా వచ్చింది. వారంలో చెట్టంతా చిగురు. ఆకుల చాటున కిందికి వంగి పచ్చటి పూలు, మూడే రేకులు, మందంగా, పువ్వని చెబితే తప్ప తెలియనట్టు. దసరాకు కాయల కళ్లు విచ్చుకున్నాయి. కోసి బియ్యం డబ్బాలో వేస్తే మూడో రోజుకు మాగాయి. గొడ్డలి ముసలాయనకు ఆరు కాయలు పంపించాను. "పుల్లగుండాయా తియ్యగుండాయా?" అని అడిగిస్తే, "కొట్టేసింటే తెలిసుండునా?" అని కబురు పంపాడు. బాగా పడింది నాకు.

ఇక తప్పులు ఇన్నా అన్నా! జూలైలో వానలకు దొడ్డంతా గడ్డి లేచింది. ఆదివారం కొడవలి తీసుకొని కూర్చున్నాను. రెండు గంటల్లో నేల అద్దంలా చేశాను. బండల అవతల నుంచి బూబమ్మ చూసి గుండెల మీద చేయి వేసుకుంది.

"అయ్యో, పప్పంతా పీకి పారేసినావే!"

కుప్పలో వెతికి ఒక్కొక్కటే తీసి చూపించింది. గలిజేరు. నేల మీద పాకుతుంది. ఎదురెదురు ఆకుల్లో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఇది చూశాక ఇంకెప్పుడూ మర్చిపోను, పెద్దక్క పక్కన చెల్లెలు కూర్చున్నట్టు ఉంటుంది. చెంచలాకు. దొగ్గలాకు. నేల ఉసిరి, రెమ్మను తిరగేస్తే అడుగున వరసగా ఆవగింజలంత కాయలు. అదే కూర మా చిన్నప్పుడు అత్త వారానికి రెండుసార్లు పప్పులో వేసేది, కొర్రన్నంలోకో, జొన్నరొట్టెలోకో. తిన్నాను గానీ మొక్క ఎట్లా ఉంటుందో ఎన్నడూ చూడలేదు. కంచంలోకి వచ్చాకే చూసినదాన్ని. ఆ రోజు కుప్పలోంచి ఏరిన గలిజేరాకుతో పప్పు చేశాను. రుచి వచ్చింది గానీ, అత్తది కాదు. అత్త అందులో ఇంకేదో కలిపేది. అది క్యాలెండర్లో రాయలేదు.

అంతకుముందే వేపచెట్టు మీద తెగిపోయిన కేబుల్ వైరు వేలాడుతోందని కోసి పారేశాను. పది రోజులకు చూద్దును కదా, కోసిన చోటు నుంచి దారాల్లాంటి వేర్లు సన్నగా నేల వైపు దిగుతున్నాయి. వైరుకు వేర్లా? అది తిప్పతీగ. కింద కోసినా పైనే వేలాడుతూ, వేర్లు దించుకొని మళ్లీ నేలను వెతుక్కుంటుంది. ఆ కరోనా రోజుల్లో కషాయానికని వీధిలో సగం మంది తిప్పతీగ కోసం మా ఇంటికి వచ్చారు. అందరికీ ఇచ్చాను. నేను ఒకరోజు తాగి చూశాను. కరోనానే నయమనిపించింది.

నల్లేరు సంగతి ఇంకా అన్యాయం. "నల్లేరు మీద బండి నడక" అని టెన్త్‌లో సొంతవాక్యం రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని, బండల మీద పాకిన ఆ నాలుగు పలకల కణుపుల తీగే నల్లేరని నలభై ఎనిమిదేళ్లకు తెలిసింది. అది కూడా వట్టి చేతులతో తుంచి, సాయంత్రం దాకా దురదతో గోడకు చేతులు రుద్దుకున్నాక. చేతికి నూనె రాసుకోవాలట, పచ్చడిలో చింతపండు దండిగా పడాలట.

కనకాంబరాలు మాత్రం నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మధ్యాహ్నాలు పెద్దవాళ్లు పడుకున్నాక, నేను, మా పెదనాన్న పిల్లలు ఎండిన కనకాంబరం కంకులు దూసి జేబుల్లో నింపుకునేవాళ్లం. ఒక కాయను నాలుక మీద తడిచేసి అరచేతిలో పెట్టుకోవాలి. పిడికిలి మూయకూడదు, ఊపిరి బిగబట్టి చూడాలి. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టేలోపు టప్! కాయ రెండుగా చీలి గింజలు ఎగిరి మొహాన కొడతాయి. ఎండిన కాయ తడి తగలగానే ఉబ్బి, బిగువు ఆగక చీలుతుంది. వానొచ్చినప్పుడే గింజ నేలపడాలని దాని ఏర్పాటు. మాకు అవి టపాకాయలు. అత్త వాటితోనే నారు పోసేది. చేటలో కంకులు పరిచి, నీళ్లు చిలకరించి, పైన తెల్ల గుడ్డ కప్పేది. గుడ్డ కింద పేలాలు వేగుతున్నట్టు టపటపటప. ఆ శబ్దం ఆగేదాకా మమ్మల్ని ఎవరినీ మాట్లాడనిచ్చేది కాదు. ఎందుకో ఎప్పుడూ అడగలేదు. బహుశా ఆమెకూ అది ఆటేనేమో.

ఆ ఆగస్టులో నేనూ అట్లాగే చేశాను, చేట, తెల్ల గుడ్డ. బండల అవతల బూబమ్మ మనవరాలు గడ్డం ఆనించి చూస్తోంది. చప్పుడు మొదలవగానే నేను ఆ పిల్లను "ష్‌" అన్నాను.

నిమ్మ ఆకుల మీద ఆ నెలలోనే పిట్టరెట్టలు కనపడ్డాయి. తుడుద్దామని చీపురుపుల్లతో కదిలిస్తే రెట్ట కదిలింది! తల వెనక నుంచి నారింజరంగు కొమ్ములు రెండు బయటికి తోసి, కుళ్లిన నిమ్మకాయ వాసన కొట్టింది. సీతాకోకచిలుక పురుగట. అవే కరివేపాకు మీద కూడా ఉన్నాయి. అప్పుడు తెలిసింది నిమ్మ, కరివేప, మారేడు, వెలగ అన్నీ ఒకే కుటుంబమని. మనకు తెలియకపోయినా పురుగుకు తెలుసు. మందు కొడదామని అనుకొని, క్యాలెండరు చూస్తే, "నిమ్మ పురుగులు. ఏరి వేపచెట్టు కింద వేసితి" అని ఉంది. చంపలేదు, పెంచుకోనూ లేదు. నేనూ చాటలోకి ఏరి అదే పని చేశాను, కళ్లు సగం మూసుకొని.

నవంబరు చివర నివర్ తుపాను వచ్చింది. రెండు రోజులు ఎడతెగని వాన. బుగ్గవంక పొంగి రాత్రికి రాత్రి వీధుల్లోకి నీళ్లొచ్చాయి. 2001లో పొంగినప్పుడు అత్త పెయింటు డబ్బాల్లో ఉన్న చామంతులన్నీ ఒక్కొక్కటే మిద్దె మీదికి మోసుకుపోయిందని నాన్న చెప్పేవాడు. బంగారం బీరువాలోనే వదిలేసిందట. నేను ల్యాప్‌టాప్ ఎత్తుకొని మిద్దెక్కాను. పొద్దున దిగి చూస్తే దొడ్డిలో మోకాటిలోతు నీళ్లు, నిలబెట్టిన బండలన్నీ వరసగా పడుకున్నాయి, చామంతి డబ్బాలు ఒక్కటీ లేవు. నీళ్లు తీశాక జానెడు ఒండ్రు మిగిలింది. బండలు మళ్లీ నిలబెట్టిద్దామంటే బూబమ్మ, "ఇప్పుడేం తొందర? తిరగడానికి బాగుండాది" అంది. అవి ఇప్పటికీ పడుకునే ఉన్నాయి.

డిసెంబరులో మల్లెకు నీళ్లు ఆపాను. 2020 క్యాలెండరు మీద పెన్సిలుతో రాశాను కూడా. "నిలిపితి" అని రాయడానికి సిగ్గేసి "ఆపాను" అని రాశాను.

జనవరిలో, అత్త సంవత్సరీకం దగ్గరపడుతుండగా, ఒండ్రులో చామంతి మొలకలు లేచాయి. డబ్బాలు కొట్టుకుపోయినా వేరు ఎక్కడో మిగిలిందన్నమాట. అవే చీలిన ఆకులు, అదే లేత పచ్చ. ఎవరికీ చెప్పలేదు. మళ్లీ పీకి తప్పు చేయకూడదని చుట్టూ చిన్న రాళ్లు పేర్చాను. బియ్యం కడిగిన నీళ్లు వాటికే. ఒకటి బాగా ఎదుగుతుంటే కొత్త పెయింటు డబ్బా తెచ్చి అందులోకి మార్చి, పుల్ల కట్టి, గుమ్మం పక్కన పెట్టాను. సంవత్సరీకానికి వచ్చిన చుట్టాలకు చూపించాను. "అత్త చామంతి, వరదకు కూడా పోలేదు" అన్నాను. మా వదిన కళ్లు తుడుచుకుంది.

ఫిబ్రవరిలో పూత వచ్చింది. బియ్యపు నూకంత తెల్లటి పూలు, బోలెడు. పసుపుపచ్చ చామంతికి తెల్ల పూలేమిటా అని చూస్తుండగా బూబమ్మ పడిపోయిన బండలు దాటుకొని సేమ్యా గిన్నెతో వచ్చింది. డబ్బా ముందు ఆగింది. గిన్నె నా చేతికిచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను.

"కాంగ్రెస్ గడ్డికి పుల్ల కట్టినావా మ్మేయ్?" అంది, నవ్వు ఆపుకోలేక బండ మీద కూలబడి.

వయ్యారిభామ. రైలుపట్టాల పక్కన, బీడుల్లో, ఎక్కడపడితే అక్కడ లేచే వయ్యారిభామ. ముట్టుకుంటే ఒళ్లంతా దద్దుర్లు. నెలన్నర బియ్యం నీళ్లు తాగి నా నడుమెత్తు పెరిగింది.